అయిదు కాలేజీలు కలిసి ఒకే ఆన్‌లైన్ కోర్సు: నాణ్యత ఎవరు చూడాలి, ఎలా చూడాలి?

గోదారిగట్టు

అందరికీ నమస్కారం. అయిదు అటానమస్ డిగ్రీ కాలేజీలు కలిసి ప్రాథమిక గణాంక శాస్త్రం మీద 12 వారాల, 3 క్రెడిట్ల ఆన్‌లైన్ కోర్సు తయారు చేయాలనుకుంటున్నాయి. బీఎస్సీ, బీకాం పిల్లలు ఇద్దరికీ పనికిరావాలి. అందరినీ కలిపితే సెమిస్టర్‌కు దాదాపు 1,200 మంది అవుతారు. యూనిట్లు అయిదు, కాలేజీలు అయిదు కాబట్టి తలా ఒక యూనిట్ పంచుకుందామన్నది ఇప్పటి ప్రతిపాదన. మూడ్ల్ (ఆన్‌లైన్ పాఠాలు, క్విజ్‌లు నడిపే సాఫ్ట్‌వేర్) సర్వర్ ఒక కాలేజీ ఇస్తుంది. వీడియోలు ఎవరివి వాళ్లే తీసుకుంటారు.

నా సందేహమల్లా నాణ్యత గురించే. ఒకరి పాఠాన్ని ఇంకొకరు తూచే పద్ధతి ఎలా పెట్టుకోవాలి? క్వశ్చన్ బ్యాంక్ ఉమ్మడిగా ఉంటే ఏం జాగ్రత్తలు కావాలి? ఒప్పందంలో ముందే రాసుకోవాల్సినవి ఏమిటి?

ప్రశ్నపత్రం

తలా ఒక యూనిట్ అనుకున్నప్పుడే సగం నాణ్యత పోయినట్టు. అయిదు కాలేజీలు అయిదు చిన్న కోర్సులు చేసి, వాటిని వరుసగా పేరుస్తాయి. మొదటి యూనిట్లో ‘క్రమ విచలనం’ అని ఉంటుంది, మూడో యూనిట్లో ‘స్టాండర్డ్ డీవియేషన్’ అని, రెండూ ఒకటేనని పిల్లలకు తెలియదు. ఒకరు హారంలో n (డేటాలోని విలువల సంఖ్య) పెట్టి లెక్క చేస్తారు, ఇంకొకరు n−1 పెడతారు, ఎందుకో ఎవరూ చెప్పరు. పిల్లవాడు నాలుగో వారంలో తప్పు చేశాడంటే అది వాడి తప్పు కాదు.

నా సలహా ఇది. పాఠం రాసే కాలేజీ ఆ యూనిట్‌కు ప్రశ్నలు రాయకూడదు. మొదటి యూనిట్ పాఠం ‘అ’ కాలేజీ రాస్తే, ప్రశ్నలు మిగతా నాలుగూ రాస్తాయి, తలా 25. వాళ్ల చేతిలో ఉండేది పాఠ్య లక్ష్యాల జాబితా, పాఠం ముసాయిదా, అంతే. పాఠంలో చెప్పనిది లక్ష్యంలో ఉంటే ప్రశ్న రాసేటప్పుడు వెంటనే దొరికిపోతుంది. పాఠం రాసినవారికి అది కనపడదు, ఎందుకంటే చెప్పకుండా వదిలేసింది వారి తలలో ఉంటుంది.

లక్ష్యాలు కూడా అలాగే చూడండి. ‘విద్యార్థి కేంద్రస్థానపు కొలతలను అవగాహన చేసుకుంటాడు’ అని రాస్తే దానికి ఏ ప్రశ్నయినా సరిపోతుంది, ఏ ప్రశ్నా సరిపోదు. ‘కొద్దిమంది జీతాలు చాలా ఎక్కువగా ఉన్న డేటాలో సగటుకు బదులు మధ్యగతం ఎందుకు వాడాలో కారణంతో చెప్పగలడు’ అని రాస్తే, ఉత్త సూత్రం చూపించే వీడియో సరిపోదని, లెక్క మాత్రమే అడిగే క్విజ్ కూడా సరిపోదని తెలిసిపోతుంది.

పల్నాటి_పంతులు

అడ్డం వస్తున్నానని అనుకోకండి. అసలు కొత్తగా చేయడం ఎందుకు? ఏడు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల కార్యక్రమం మొదలుపెట్టాయి. 2014 నుంచి సర్టిఫికెట్ కోర్సులు నడుస్తున్నాయి. 2017లో కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం వచ్చింది. 12 వారాల కోర్సంటే దాదాపు 30 గంటల పాఠం, 3 క్రెడిట్లు. కాలేజీలో లోకల్ చాప్టర్ (ఎన్‌పీటెల్‌తో అనుసంధాన కేంద్రం) పెట్టుకుంటే చాలు. అసైన్‌మెంట్లకు 25, పర్యవేక్షకుల ముందు రాసే ప్రోక్టర్డ్ పరీక్షకు 75. అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో కనీసం 30 వస్తేనే సర్టిఫికెట్. పైగా యూజీసీ 2021 నియమాల ప్రకారం సెమిస్టర్‌లో ఇచ్చే మొత్తం కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం నుంచి తీసుకోవచ్చు. 2016 నియమాల్లో అది 20 శాతమే. ఇంత ఉండగా మన అయిదు కాలేజీలు కెమెరాలు పట్టుకుని తిరగడం దేనికండీ?

గోదారిగట్టు

న్యాయమైన ప్రశ్నే పంతులుగారూ. రెండు కారణాలు. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి బీకాంలో చేరినవారికి ఇంగ్లిష్ ఉపన్యాసంలో గణితం కన్నా భాషే ముందు అడ్డుపడుతుంది. రెండోది, మన సిలబస్ వరుసకు సరిపోయే ఒకే కోర్సు స్వయంలో దొరకడం కష్టం. ముక్కలు ముక్కలుగా దొరుకుతాయి. మంచి వీడియో ఉన్నచోట లింకు ఇచ్చి, తెలుగులో చిన్న పరిచయం, లెక్కల సాధన మేం చేద్దామనే అనుకుంటున్నాం.

పల్నాటి_పంతులు

అలాగైతే సరే. కానీ ఆ 40 శాతం వెసులుబాటు స్వయం కోర్సులకే. మీ ఉమ్మడి కోర్సు సిలబస్ చూసే మీ బోర్డ్ ఆఫ్ స్టడీస్, దాన్ని ఆమోదించే అకడమిక్ కౌన్సిల్ దాటే రావాలి. అదీ అయిదు కాలేజీల్లో అయిదుసార్లు. ఒక కాలేజీ కౌన్సిల్ ‘పరీక్ష మా పద్ధతిలోనే’ అని మెలిక పెట్టిందంటే మొత్తం ఆగుతుంది. కోర్సు కోడ్, క్రెడిట్లు, ఇంటర్నల్–ఎక్స్‌టర్నల్ మార్కుల నిష్పత్తి, ఈ మూడూ వీడియోలు తీయకముందే అయిదు చోట్లా ఒకే మాటలతో ఆమోదం పొందాలి.

డల్లాస్_తెలుగు

ఒకరి కోర్సును ఇంకొకరు నమ్మడం ఎలా అన్న ప్రశ్నకు ఇక్కడ అమెరికాలో ఒక పాత జవాబు ఉంది. మేరీల్యాండ్ రాష్ట్రంలో కాలేజీలు కలిసి మేరీల్యాండ్ ఆన్‌లైన్ అని ఒక కూటమి పెట్టుకున్నాయి. మన కాలేజీలో లేని కోర్సును పక్క కాలేజీలో చదివించాలంటే, ఆ కోర్సు బాగుందని ఎలా తెలుస్తుంది? దానికోసం 2003లో ఫెడరల్ గ్రాంటుతో ‘క్వాలిటీ మ్యాటర్స్’ రూబ్రిక్ (కోర్సును తూచే ప్రమాణాల పట్టిక) తయారైంది.

అందులో ఎనిమిది పద్దులు: కోర్సు పరిచయం, లక్ష్యాలు, మూల్యాంకనం, పాఠ్యసామగ్రి, విద్యార్థి చేసే పనులు, వాడే టెక్నాలజీ, విద్యార్థికి అందే సాయం, అందరికీ అందుబాటు. వాటి కింద నలభైకి పైగా ప్రమాణాలు. ఒక్కోదానికి 3, 2 లేదా 1 పాయింటు. 3 పాయింట్లవన్నీ తప్పనిసరి. ఒక్కటి తప్పినా, మిగతావాటిలో ఎన్ని మార్కులొచ్చినా కోర్సు గట్టెక్కదు. అవన్నీ వచ్చాక మొత్తం కనీసం 85 శాతం రావాలి.

మీకు పనికొచ్చేది రూబ్రిక్ కన్నా దాని వెనక ఉన్న పద్ధతి. ముగ్గురు సమీక్షకులు ఎవరికి వారు విడివిడిగా చూస్తారు. అందరూ ఆన్‌లైన్ పాఠం చెప్పేవారే. ఒకరు ఆ సబ్జెక్టు తెలిసినవారు, ఒకరు తప్పనిసరిగా బయటి సంస్థవారు. ముగ్గురిలో ఇద్దరు ‘ఉంది’ అంటేనే ఆ ప్రమాణం ఉన్నట్టు. పై పద్దుల్లో 2, 3, 4, 5, 6 ఒకదానికొకటి అతికి ఉన్నాయా అన్నదే అసలు పరీక్ష. లక్ష్యం, పాఠం, సాధన, పరీక్ష ఒకే గీత మీద నడవాలి. ప్రశ్నపత్రం గారు పైన చెప్పింది సరిగ్గా అదే.

ఒక పరిమితి మాత్రం ఉంది. ఇది కోర్సు నిర్మాణాన్ని తూస్తుంది తప్ప, చెప్పే లెక్చరర్ రోజూ జవాబిస్తున్నారా లేదా అన్నది చూడదు. దాన్ని విడిగా చూసుకోవాలి.

కృష్ణాతీరం

రూబ్రిక్ మన దగ్గరికొస్తే అక్రిడిటేషన్ ఫైల్లో ఇంకో చెక్‌లిస్ట్ అవుతుంది. ముగ్గురూ అన్నిటికీ టిక్కు పెట్టి, టీ తాగి, సంతకం పెడతారు. రేపు వాళ్ల కోర్సు మన దగ్గరికి రావాలి కదా!

డల్లాస్_తెలుగు

ఆ భయం నిజమే. అందుకే టిక్కుకు విలువ ఇవ్వకండి, రాతకు ఇవ్వండి. ‘ఉంది’ అన్నా ‘లేదు’ అన్నా, కోర్సులో ఎక్కడ చూశారో ఒక వాక్యం రాయాలి: ఫలానా వారం, ఫలానా పేజీ. ‘లేదు’ అంటే ఏం చేస్తే సరిపోతుందో ఇంకో వాక్యం. ఖాళీగా ఉన్న టిక్కును లెక్కలోకి తీసుకోకూడదు. ముగ్గురి ఫారాలూ ఒకరివి ఒకరికి కనపడకుండా కన్వీనర్‌కే చేరాలి.

‘అ’ కోర్సును ‘ఆ’ చూసి, ‘ఆ’ కోర్సును ‘అ’ చూస్తే మొహమాటం తప్పదు. ‘అ’ పాఠాన్ని ‘ఆ, ఇ’ చూడాలి, ‘ఆ’ పాఠాన్ని ‘ఇ, ఈ’. చక్రంలా తిప్పండి. మూడో మనిషి ఈ అయిదు కాలేజీలకూ బయటివారు. అయిదు యూనిట్లకూ ఆ బయటి మనిషి ఒక్కరే అయితే, యూనిట్ల మధ్య తేడాలు అందరికన్నా ముందు వారి కంట పడతాయి.

నలభై చిల్లర ప్రమాణాలు మొదటిసారే ఎత్తుకోకండి. పదిహేను చాలు. సమీక్షకుడు విద్యార్థి లాగిన్‌తో, ఫోన్‌లో, మొదటి పేజీ నుంచి చివరి క్విజ్ దాకా నడవాలి. టీచర్ లాగిన్‌తో చూస్తే దాచిన ఫైళ్లు కూడా కనపడతాయి కాబట్టి అంతా బాగున్నట్టే ఉంటుంది. ఒక యూనిట్‌కు ఒక్కొక్కరికి 6–8 గంటలు పడుతుందని లెక్కవేసి, మూడు వారాల గడువు ఇవ్వండి. ఆ గంటలను పనిభారంలో చూపించకపోతే కృష్ణాతీరం గారన్నట్టే జరుగుతుంది.

ఎల్‌ఎంఎస్_ఓరుగల్లు

సర్వర్ సంగతి నేను చెప్తా. 1,200 మంది పేర్లున్నాయంటే భయపడకండి, ఒకేసారి ఎంతమంది క్విజ్ రాస్తరన్నదే లెక్క. మూడ్ల్ వాళ్లే చెప్పే మోటు లెక్క ప్రకారం ఒక జీబీ ర్యామ్‌కు ఒకేసారి 10 నుంచి 20 మంది. 300 మంది ఒకేసారి కూర్చుంటే 15 నుంచి 30 జీబీ కావాలి. క్విజ్‌ను రాత్రి 8కి తెరిచి 9కి మూసే పద్ధతి పెడితే 8:58కి సర్వర్ పడుకుంటది. గడువు 48 గంటలు పెట్టి, ఒక్కసారి తెరిచినాక 30 నిమిషాలు ఇవ్వండి. జవాబులు నిమిషానికోసారి ఆటోసేవ్ అవుతయి, అది డిఫాల్ట్. లోడు ఎక్కువైతే దాన్ని రెండు మూడు నిమిషాలు చేయొచ్చు.

ప్రతి కాలేజీ తన సర్వర్‌లో యూనిట్ చేసి ఎంబీజెడ్ (మూడ్ల్ కోర్సు మొత్తం ఉండే ఫైలు) బ్యాకప్ పంపేటట్టయితే నాలుగు జాగ్రత్తలు. అందరిదీ ఒకే మూడ్ల్ వెర్షన్ ఉండాలె. పాతదాంట్ల తీసిన బ్యాకప్ కొత్తదాంట్ల ఎక్కుతది కానీ, కొత్తది పాతదాంట్లకు ఎక్కుతదని నమ్మకం లేదు. బ్యాకప్ తీసేటప్పుడు ‘ఎన్‌రోల్డ్ యూజర్స్’ టిక్కు తీసేయండి, లేకుంటే మీ పిల్లల పేర్లు, ఈమెయిళ్లు, మార్కులు పక్క కాలేజీకి పోతయి. వీడియోలు ఎంబీజెడ్‌లో పెట్టకండి. ఫైలు జీబీలకు పెరిగి సర్వర్‌ల ఉండే పీహెచ్‌పీ అప్‌లోడ్ పరిమితి దగ్గర ఆగుతది, కారణం కూడా సరిగ్గ చూపించదు. వీడియో బయట పెట్టి లింకు ఇవ్వండి. ఆఖరుది, రీస్టోర్ చేసినాక ఒక విద్యార్థి ఖాతాతోటి అన్ని లింకులు నొక్కి చూడండి. పాత సర్వర్ అడ్రసుతో టైప్ చేసిన లింకులు అట్లనే మిగిలిపోతయి.

ప్రశ్నలు పంపుకోవడానికి బొమ్మలు, సూత్రాలు ఉంటే మూడ్ల్ ఎక్స్‌ఎంఎల్ ఫార్మాట్ వాడండి. ఉత్త పాఠ్యం అయితే గిఫ్ట్ ఫార్మాట్ చాలు, కానీ ఫైలు యూటీఎఫ్-8 (యూనికోడ్ అక్షరాల పద్ధతి)లో సేవ్ చేయాలె. లేకుంటే తెలుగంతా ప్రశ్నార్థకాలే.

మైకుముందు

వీడియో గురించి మొత్తం థ్రెడ్డే పెట్టొచ్చు కానీ అయిదు కాలేజీలు కలిసినప్పుడు ముందు తేలాల్సింది ధ్వని. బొమ్మ కొంచెం మసకగా ఉన్నా పిల్లలు సర్దుకుంటారు, మాట సరిగ్గా వినపడకపోతే మూసేస్తారు. ఒక యూనిట్లో గొంతు గట్టిగా, తర్వాతి యూనిట్లో గుసగుసలా ఉంటే ఇయర్‌ఫోన్ పెట్టుకున్నవారి పరిస్థితి ఊహించండి. అందరూ చివర్లో మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు (ధ్వని గట్టిదనాన్ని కొలిచే కొలత) నార్మలైజ్ చేయాలని, అంటే ఆ స్థాయికి తేవాలని ఒక నియమం పెట్టుకోండి. ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో లౌడ్‌నెస్ నార్మలైజేషన్ అని ఉంటుంది, ఉచితం.

కాలర్ మైకు గడ్డానికి ఒక జానెడు కింద ఉండాలి. గంజి పెట్టిన నేత చీర, ఖాదీ చొక్కా మైకుకు రాసుకుని బరబరమంటాయి. బట్టకు ఒక టేపు ముక్క అంటించి దాని మీద క్లిప్పు పెట్టండి. సీలింగ్ ఫ్యాన్ ఆపాలి, ఏసీ కూడా. ఖాళీ క్లాస్‌రూమ్‌లో ప్రతిధ్వని వస్తుంది. పుస్తకాల బీరువాలున్న స్టాఫ్‌రూమ్ నయం.

సైజు లెక్క కూడా ముందే వేసుకోండి. 480పీలో వీడియోకు 500, ఆడియోకు 64 కేబీపీఎస్ పెడితే 10 నిమిషాలకు సుమారు 42 ఎంబీ. స్లయిడ్లకు, రాతకు అది చాలు. 720పీ, 1,500 కేబీపీఎస్ అయితే అదే వీడియో 117 ఎంబీ. రోజుకు జీబీన్నర డేటాతో ఇంట్లో ఇద్దరు చదువుకునేచోట ఈ తేడా పెద్దది. స్లయిడ్‌లో అక్షరం 28 పాయింట్లకు తగ్గకూడదు. తెలుగులో ఒత్తులు, గుణింతాలు చిన్న సైజులో ముద్దయిపోతాయి.

స్క్రిప్ట్ రాసుకోకుండా రికార్డు చేయకండి. ఐఐటీ బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్ (సాఫ్ట్‌వేర్ నేర్పే చిన్న వీడియోల) ప్రాజెక్టులో రికార్డింగ్‌కు ముందే స్క్రిప్ట్‌ను ఆ విషయం తెలియనివారి చేత చేయించి చూస్తారు. ఎక్కడ ఆగిపోతే అక్కడ స్క్రిప్ట్ దిద్దుతారు. ఉమ్మడి కోర్సుకు ఇది చాలా అనువైన పద్ధతి. ‘అ’ కాలేజీ స్క్రిప్ట్‌ను ‘ఇ’ కాలేజీ మొదటి సంవత్సరం పిల్లలు ఇద్దరు చదివి లెక్క చేయాలి. కాగితం మీద వాక్యం మార్చడానికి నిమిషం పడుతుంది, రికార్డయ్యాక మార్చడానికి సగం రోజు.

అక్షరదీపం

స్క్రిప్ట్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. నోట్స్ అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) టైపు చేయించకండి. డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ అదే అలవాటు. ఆ ఫైలును మూడ్ల్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. దాన్ని తప్పించుకోవడానికి పీడీఎఫ్ చేసి పెడతారు. కంటికి తెలుగే కానీ లోపల తెలుగు లేదు. వెతికితే దొరకదు, ఫోన్‌లో పెద్దది చేసుకుని చదవలేరు, చూపు లేని విద్యార్థి తెర మీది రాతను చదివి వినిపించే ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్ పెడితే అర్థం లేని శబ్దాలు చదువుతుంది. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. అయితే ఒత్తుల దగ్గర తప్పులు చేస్తాయి, ఒక మనిషి కూర్చుని చదవాల్సిందే. కొత్త నోట్సు మొదటి నుంచీ యూనికోడ్‌లో ఉండాలని ఒప్పందంలో రాయండి.

సూత్రాలను ఫొటోలుగా పెట్టకండి. మూడ్ల్‌లో సూత్రాలను చూపించే మ్యాథ్‌జాక్స్ ఉంది, లేటెక్ (సూత్రాలను టైపు చేసే పద్ధతి)లో రాస్తే చాలు. గ్రాఫులకు ప్రత్యామ్నాయ పాఠ్యం ఇచ్చేటప్పుడు ‘బార్ చార్టు’ అని వదిలేయకుండా, అది ఏం చూపిస్తోందో రాయండి. ఎరుపు గీత, ఆకుపచ్చ గీత అని రంగుతో మాత్రమే తేడా చూపిస్తే రంగుల తేడా పట్టలేనివారికి అందదు. ఒకటి చుక్కల గీతగా మార్చండి. అక్షరానికి, వెనక రంగుకు కాంట్రాస్ట్ కనీసం 4.5కి 1 ఉండాలి. వీడియోలకు ఎస్‌ఆర్‌టీ ఫైళ్లుగా పెట్టే క్యాప్షన్లు స్క్రిప్ట్ నుంచే వస్తాయి, టైమింగ్ సరిచూస్తే పని అయిపోతుంది. వికలాంగుల హక్కుల చట్టం 2016 తర్వాత ఇవి దయతో చేసే పనులు కావు.

ప్రశ్నపత్రం

క్వశ్చన్ బ్యాంక్ గురించి మిగిలింది. నాలుగు కాలేజీలు తలా 25 రాస్తే యూనిట్‌కు 100. సమీక్షలో ఇరవై దాకా పోతాయనుకోండి, 80 మిగులుతాయి. క్విజ్‌కు 20 ర్యాండమ్‌గా రావాలి. జవాబులు వాట్సాప్‌లో తిరగడాన్ని ఆపలేరు, దాని విలువ తగ్గించగలరు. లెక్కలకు ‘క్యాల్క్యులేటెడ్’ రకం వాడితే ఒక్కొక్కరికి వేరే అంకెలు వస్తాయి. జవాబులో ఎంత తేడా ఒప్పుకుంటారో పెట్టడం మర్చిపోకండి. రెండు దశాంశాలకు సవరించి రాసిన పిల్లలకు సున్నా రావడానికి ఎక్కువగా ఇదే కారణం.

కూటమి వల్ల అసలు లాభం ఇక్కడే ఉంది. 80లో 20 వస్తాయి కాబట్టి ఒక్కో ప్రశ్నను నాలుగో వంతు మందే చూస్తారు. 240 మంది ఉన్న ఒక్క కాలేజీలో అయితే ఒక ప్రశ్నకు 60 మంది జవాబులే. వాటిని పట్టుకుని ప్రశ్న మంచిదో చెడ్డదో తేల్చడం కష్టం. 1,200 మందిలో అయితే 300. అప్పుడు అంకెలను కొంత నమ్మవచ్చు.

మూడ్ల్ క్విజ్ స్టాటిస్టిక్స్‌లో రెండు అంకెలు చూడండి. ఫెసిలిటీ ఇండెక్స్ అంటే ఎంత శాతం మార్కులు వచ్చాయన్నది. 90 దాటితే ఆ ప్రశ్న పెద్దగా ఏమీ తేల్చడం లేదు. డిస్క్రిమినేషన్ ఇండెక్స్ అంటే ఆ ప్రశ్నలో బాగా చేసినవారే మిగతా క్విజ్‌లోనూ బాగా చేశారా అన్నది. 30 పైన ఉంటే సరిపోతుంది, 30 లోపు బలహీనం. మైనస్ వచ్చిందంటే మొదట జవాబుల కీ చూడండి. బాగా చదివేవారు తప్పు చేసి, చదవనివారు ఒప్పు చేస్తున్నారంటే చాలాసార్లు కీ తప్పు, లేదా రెండు జవాబులు సరైనవి. ‘కింది వాటిలో సరికానిది కాని దానిని గుర్తించుము’ లాంటి వాక్యాలకు కూడా ఇలాగే వస్తుంది.

అంకె తక్కువగా ఉందని కళ్లు మూసుకుని తీసేయకండి. తేలికైన ప్రాథమిక ప్రశ్నలకు సహజంగానే తక్కువ వస్తుంది. అది లక్ష్యానికి అవసరమైతే ఉంచాలి. ఒక కాలేజీ పిల్లలకు మాత్రమే ఏదైనా ప్రశ్న కష్టమైతే, ప్రశ్నను కాదు, అక్కడి పాఠాన్ని చూడండి. మూడ్ల్ 4.0 నుంచి ప్రశ్నలకు వెర్షన్లు ఉన్నాయి కాబట్టి దిద్దినా పాతది పోదు. దిద్దే అధికారం మాత్రం ఇద్దరికి మించి ఇవ్వకండి.

కృష్ణాతీరం

హక్కుల మాట ఎవరూ ఎత్తలేదు. కాపీరైట్ చట్టం 1957లో 17వ సెక్షన్ ప్రకారం ఉద్యోగంలో భాగంగా రాసిన దానికి, వేరే ఒప్పందం లేకపోతే, యజమానే మొదటి హక్కుదారు. అంటే మీ యూనిట్ మీ కాలేజీది. ఆ కాలేజీ రేపు కూటమి నుంచి బయటికిపోతే మూడో యూనిట్ మొత్తం లేచిపోతుంది. కాలేజీల మధ్య ఎంఓయూలోనే అన్నిటికీ సీసీ బీవై-ఎస్‌ఏ 4.0 (పేరు చెప్పి, అదే లైసెన్సుతో ఎవరైనా వాడుకోవచ్చనే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు) అని పెట్టేయండి. ఒకసారి అలా విడుదలయ్యాక వెనక్కి తీసుకోవడం కుదరదు, రచయిత పేరూ ఉంటుంది.

బయటినుంచి తెచ్చుకునేవాటిలో సీసీ బీవై-ఎన్‌సీ-ఎస్‌ఏ (వ్యాపారానికి వాడకూడదనే షరతు ఉన్నది) ఉంటే దాన్ని మీ పాఠంలో కలిపి తిరగరాయకండి. ఆ రెండు లైసెన్సులు కలవవు. లింకు ఇవ్వండి, లేదా విడిగా ఉంచండి. మార్కెట్ పుస్తకాల లెక్కలు స్కాన్ చేసి పెట్టడం అన్నిటికన్నా ప్రమాదం. క్లాసులో బోధనకు ఉన్న మినహాయింపును చూపించి, ప్రపంచమంతా చూసే పేజీలో పుస్తకం పేజీలు పెట్టలేం.

గోదారిగట్టు

చాలా ధన్యవాదాలు. యూనిట్ల పంపకం మార్చమని, ప్రశ్నలు వేరే కాలేజీలు రాసేలా పెట్టమని సోమవారం సమావేశంలో చెబుతాను. ఒకటే మిగిలింది. కోర్సు నడుస్తుండగా 1,200 మంది సందేహాలకు జవాబు ఎవరు ఇవ్వాలి? పాఠం రాసిన కాలేజీనా, పిల్లల సొంత కాలేజీనా?

పల్నాటి_పంతులు

రెండూ కావాలి, కానీ వేర్వేరు పనులకు. ‘ఇంటర్నల్స్ ఎప్పుడు, లాగిన్ అవ్వట్లేదు, మార్కులు పడలేదు’ ఇవన్నీ సొంత కాలేజీ మెంటర్‌కు. సబ్జెక్టు సందేహం ఉమ్మడి ఫోరమ్‌లో పడాలి, ఆ వారం పాఠం రాసిన కాలేజీ 48 గంటల్లో జవాబివ్వాలి. 60 మందికి ఒక మెంటర్ చొప్పున 20 మంది. వాళ్లకు వారానికి రెండు పీరియడ్లు టైమ్‌టేబుల్‌లో పడాలి. ‘ఖాళీ ఉన్నప్పుడు చూస్తారు’ అని రాస్తే ఎవరూ చూడరు.

మూడో వారం చివర లాగిన్ రిపోర్టు తీయండి. మొదటి క్విజ్ రాయనివారికి మెంటర్ ఆ వారమే ఫోన్ చేయాలి. ఎనిమిదో వారం దాకా ఆగితే చేసేది ఏమీ ఉండదు.

డల్లాస్_తెలుగు

ఒక్క చేర్పు. ఫోరమ్‌లో ఒకే సందేహం అయిదారుగురు అడిగారంటే జవాబు ఇచ్చి వదిలేయకుండా, పాఠంలో ఆ చోటు గుర్తుపెట్టి లాగ్‌లో రాయండి: వారం, పేజీ, ఏం అడిగారు, ఏం మార్చాలి. సెమిస్టర్ మధ్యలో కీ తప్పులు, చెడిన లింకులు తప్ప ఏమీ మార్చకండి, అయిదు చోట్లా ఒకే వెర్షన్ ఉండాలి. మిగతావన్నీ సెలవుల్లో ఒకేసారి దిద్ది, వెర్షన్ నంబరు మార్చండి. పూర్తి రూబ్రిక్ సమీక్ష కూడా రెండుసార్లు నడిపాకే పెట్టుకోండి. ఒక్కసారీ నడవని కోర్సులో సమీక్షకులకు కాగితమే కనపడుతుంది.

ఎల్‌ఎంఎస్_ఓరుగల్లు

ఆ లాగ్ గూగుల్ షీట్‌లో కాదు, మూడ్ల్‌లోనే డేటాబేస్ యాక్టివిటీ పెట్టి, పిల్లలకు కనపడకుండా దాచండి. షీట్ ఎవరి సొంత ఖాతాలనో ఉంటే, వాళ్లు బదిలీ అయినంక మళ్ల వెతుక్కోవాల్సి వస్తది. బ్యాకప్ మాత్రం రోజూ వేరే సర్వర్‌కు పోవాలె, నెలకోసారి ఒకటి రీస్టోర్ చేసి చూడండి.